మెదడు దెబ్బ తరువాత కార్యనిర్వహణ సామర్థ్యాలకు కంప్యూటర్ శిక్షణ

తలకు బలమైన దెబ్బ తగిలినవారిలో, పక్షవాతం వచ్చినవారిలో, మెదడులో రక్తనాళం చిట్లి బతికి బయటపడినవారిలో కొన్ని లోపాలు చూడగానే తెలుస్తాయి. చెయ్యి స్వాధీనం తప్పడం, మాట తడబడడం, నడక మారడం అటువంటివి. వాటితోపాటు, ఒక్కోసారి అవేవీ లేకుండానే, మరొక లోపం మిగిలిపోతుంది. మనిషి చక్కగా మాట్లాడతాడు, లెక్కలు చెబుతాడు, పాత సంగతులు గుర్తుచేసుకుంటాడు. కానీ ఒక పనిని తనంతట తాను మొదలుపెట్టి, వరుస తప్పకుండా పూర్తిచేయలేడు. పని తలపెట్టడం, పథకం వేసుకోవడం, అడ్డొచ్చిన ఆలోచనను ఆపుకోవడం, పరిస్థితి మారితే దారి మార్చుకోవడం, చేసిన తప్పును తానే పట్టుకోవడం – ఈ శక్తులన్నిటినీ కలిపి కార్యనిర్వహణ సామర్థ్యాలు అంటారు. వీటిని కంప్యూటర్ లేదా ట్యాబ్లెట్ తెర మీద, క్రమంగా కష్టం పెరిగే అభ్యాసాలతో తిరిగి బలపరిచే ప్రయత్నం 1980 ప్రాంతంలో మొదలైంది. నేడు చాలా దేశాల పునరావాస కేంద్రాల్లో అది వాడుకలో ఉంది. దానివల్ల రోగి రోజువారీ జీవితానికి ఎంత మేలు జరుగుతుందన్న వాదం మాత్రం ఇంకా తెగలేదు.

దెబ్బతినేది ఏది

ఇంట్లో రోజూ జరిగే వంటనే తీసుకుందాం. కుక్కర్‌లో పప్పు పెట్టాలి, ఈలోగా కూర తరగాలి, మధ్యలో ఫోన్ మోగితే మాట్లాడి పెట్టేయాలి, విజిల్స్ లెక్క మరవకూడదు, ఉప్పు అయిపోయిందని తెలిస్తే పక్కింటికి వెళ్లాలో కొట్టుకు వెళ్లాలో తేల్చుకోవాలి, పొయ్యి కట్టేసి బయలుదేరాలి. ఇందులో ఏ ఒక్క పనీ కష్టం కాదు. వాటన్నిటినీ ఒక తాటి మీద నడిపించడమే కష్టం. మెదడు దెబ్బ తరువాత చాలామందికి చేజారేది ఆ నడిపించే శక్తే.

2000లో అకిరా మియాకే బృందం ప్రచురించిన అధ్యయనం ఈ శక్తుల్లో మూడింటిని విడదీసి చూపింది. ఒక పని నుంచి మరో పనికి మనసు మళ్లించడం, పని సాగుతున్నంతసేపు విషయాలను మనసులో పట్టి ఉంచే వర్కింగ్ మెమరీలోని సమాచారాన్ని ఎప్పటికప్పుడు తాజా చేసుకోవడం, తొందరపాటు స్పందనను ఆపుకోవడం. ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నా, మూడూ ఒకటే కావని ఆ పరిశోధన తేల్చింది. నేటి శిక్షణ ప్రోగ్రాములు చాలావరకు ఈ విభజన మీదనే అభ్యాసాలను కూర్చుకున్నాయి.

ఈ శక్తులకు ప్రధానమైన ఆధారం నుదుటి వెనుక ఉండే ఫ్రాంటల్ లోబ్‌లు. వాహన ప్రమాదంలో తల ఒక్కసారిగా కుదుపుకు లోనైనప్పుడు ఆ భాగాలు పుర్రె అడుగున ఉన్న గరుకైన ఎముకల మీద ఒరుసుకుంటాయి. అదే కుదుపుకు మెదడు భాగాలను కలిపే సన్నని నాడీతంతువులు సాగి తెగిపోతాయి. అందువల్ల స్కాన్‌లో పెద్ద గాయం కనిపించని మనిషికి కూడా ఈ లోపం ఉండవచ్చు. ఫ్రాంటల్ లోబ్‌లు ఒంటరిగా పనిచేయవు. మెదడు లోతుల్లోని థలామస్, బేసల్ గాంగ్లియాలతో వాటికి నిరంతరం రాకపోకలుంటాయి. అందుకే లోపల ఎక్కడో వచ్చిన చిన్న పక్షవాతం కూడా మనిషి పని తీరును మార్చేయగలదు.

గేజ్ నుంచి లూరియా దాకా

ఈ విషయంలో అందరూ చెప్పే పేరు ఫినియాస్ గేజ్. 1848 సెప్టెంబరు 13న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, కేవెండిష్ అనే ఊరి దగ్గర రైలు మార్గం కోసం బండలు పేలుస్తుండగా, మీటరుకు పైగా పొడవు, ఆరు కిలోల బరువు ఉన్న ఇనుపకడ్డీ అతని చెంప కింద నుంచి దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. మనిషి బతికాడు. కానీ స్వభావం మారిందని, వేసుకున్న పథకాలు నిలకడగా సాగించలేకపోయాడని అతనికి వైద్యం చేసిన జాన్ హార్లో రాశాడు. పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. అసలు చెప్పుకోవలసిన సంగతి ఆ తరువాత ఉంది. గేజ్ చిలీ వెళ్లి కొన్నేళ్లపాటు గుర్రపు బగ్గీ తోలే ఉద్యోగం చేశాడు. గుర్రాలను సిద్ధం చేయడం, ప్రయాణికులను ఎక్కించుకోవడం, తెలిసిన దారిలో వేళకు నడపడం – రోజూ ఒకే క్రమంలో సాగే పని అది. ఆ క్రమమే అతన్ని కొంతవరకు నిలబెట్టి ఉంటుందని గేజ్ జీవితం మీద ఏళ్లతరబడి పరిశోధించిన మాల్కమ్ మాక్‌మిలన్ అభిప్రాయం. జీవితంలోని క్రమమే మందుగా పనిచేయవచ్చునన్న ఈ ఆలోచనను కంప్యూటర్ శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు మరవకూడదు.

మొదటి ప్రపంచయుద్ధంలో మెదడుకు గాయాలైన జర్మన్ సైనికుల కోసం ఫ్రాంక్‌ఫర్ట్‌లో కర్ట్ గోల్డ్‌స్టైన్ ఆసుపత్రి నడిపాడు. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ న్యూరోసైకాలజిస్టు అలెగ్జాండర్ లూరియా ఉరల్ ప్రాంతంలోని ఆసుపత్రిలో అదే పని చేశాడు. ఫ్రాంటల్ లోబ్‌లు దెబ్బతిన్న రోగులు ఏం చేయాలో నోటితో సరిగ్గా చెప్పి, చేతితో మాత్రం చేయకుండా ఉండిపోవడాన్ని ఆయన పదేపదే గమనించాడు. తెలియడానికీ చేయడానికీ మధ్య తెగిపోయిన లంకెను, పనిని మెట్లుమెట్లుగా విడగొట్టి, బయటి ఆసరాలు ఇచ్చి తిరిగి కట్టవచ్చునని వాదించాడు. పునరావాస శాస్త్రానికి పునాది అక్కడ పడింది.

తెర మీదికి రాక

1970ల చివర, 1980ల మొదట్లో ఇళ్లలోకి వీడియో గేమ్‌లు, చిన్న కంప్యూటర్లు వచ్చాయి. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మాజీ సైనికుల ఆసుపత్రిలో పనిచేసిన విలియమ్ లించ్, అటారీ గేమ్‌లను మెదడు గాయాల రోగుల చేత ఆడించి చూసినవారిలో మొదటివాడు. న్యూయార్క్‌లో రోజమండ్ జియనూట్సస్, ఇండియానాపోలిస్‌లో ఓడీ బ్రేసీ రోగుల కోసమే ప్రత్యేకంగా ప్రోగ్రాములు రాశారు. విసుగు పడకుండా ఒకే అభ్యాసాన్ని వందసార్లు ఇవ్వడం, ప్రతి స్పందన వేగాన్నీ సెకనులో వెయ్యో వంతు దాకా కొలవడం, తప్పును వెంటనే చూపడం యంత్రానికి సులువు. అది మనిషికి సాధ్యంకాదు. ఆ ఆశతోనే ఈ రంగం పెరిగింది.

1987లో మెకే సోల్బర్గ్, కేథరీన్ మేటీర్ ఏకాగ్రత శిక్షణను మెట్లుగా అమర్చి ఒక పద్ధతిగా ప్రచురించారు. జర్మనీలో రెహాకామ్ అనే ప్రోగ్రామ్ ఆసుపత్రుల్లో బాగా వ్యాపించింది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థలో టోర్కెల్ క్లింగ్‌బెర్గ్ పరిశోధనల నుంచి కాగ్‌మెడ్ అనే ప్రోగ్రామ్ పుట్టింది. వయసు మీద పడినా మెదడుకు మారే గుణం పోదని జంతువుల మీద ప్రయోగాలతో చూపిన మైకేల్ మెర్జెనిక్ స్థాపించిన పోజిట్ సైన్స్ కంపెనీ బ్రెయిన్‌హెచ్‌క్యూను తెచ్చింది.

ప్రోగ్రాములు వేరైనా శిక్షణ తీరు దాదాపు ఒకటే. కాగ్‌మెడ్ తరహాలో రోగి వారానికి ఐదు రోజులు, రోజుకు అరగంట నుంచి ముప్పావుగంట, ఐదు వారాలు తెర ముందు కూర్చుంటాడు. గళ్లలో ఒకదాని తరువాత ఒకటిగా వెలిగిన దీపాలను అదే వరుసలో, ఆ తరువాత తిరగేసిన వరుసలో నొక్కాలి. వేరే ప్రోగ్రాముల్లో అయితే బొమ్మ రంగును బట్టి కుడి మీట, నియమం మారగానే ఆకారాన్ని బట్టి ఎడమ మీట నొక్కాలి. లేదా కొనుగోళ్ల జాబితా, చేతిలోని డబ్బు, దుకాణాలు మూసే వేళలు చూసుకుని బజారు పని ఏ వరుసలో చేయాలో నిర్ణయించాలి. వరుసగా సరైన జవాబులు వస్తే కంప్యూటర్ ఒక మెట్టు పైకి, తప్పులు వస్తే ఒక మెట్టు కిందికి మారుస్తుంది. రోగి ఎప్పుడూ తన శక్తి అంచుల దగ్గరే పనిచేయాలన్నది ఈ అమరిక ఉద్దేశం.

పరిశోధనలు తేల్చినది

2007లో హెలెనా వెస్టర్‌బెర్గ్ బృందం ప్రచురించిన చిన్న ప్రయోగం చాలామందిలో ఆశ రేపింది. పక్షవాతం వచ్చి ఒకటి నుంచి మూడేళ్లయిన 18 మందిని రెండు బృందాలుగా విడదీశారు. ఒక బృందం ఇంట్లోనే ఐదు వారాలు వర్కింగ్ మెమరీ శిక్షణ తీసుకుంది. వారు తాము అభ్యాసం చేయని పరీక్షల్లోనూ మెరుగయ్యారు. రోజువారీ పనుల్లో మతిమరుపు పొరపాట్లు తగ్గాయని తామే చెప్పారు. అయితే పోలిక బృందానికి ఏ శిక్షణా ఇవ్వలేదు. రోజూ ముప్పావుగంట శ్రద్ధగా ఏదో ఒక పని చేయడం, పరిశోధకులు ఫోన్ చేసి పలకరించడం, బాగుపడతామన్న నమ్మకం – వీటి వల్ల ఎంత మేలు కలిగిందో విడదీసి చెప్పడానికి అందులో వీలు లేదు.

ఆ లోటును తీర్చిన ప్రయోగాల్లో ముఖ్యమైనది ఆమ్‌స్టర్‌డామ్‌లో రెనేట్ వాన్ డె వెన్ బృందం చేసినది. 2017లో దాని ఫలితాలు వెలువడ్డాయి. పక్షవాతం వచ్చిన 97 మందిని మూడు బృందాలు చేశారు. ఒకదానికి మనసు మళ్లించే నేర్పును పెంచే కష్టమైన శిక్షణ, రెండోదానికి కష్టం పెరగని మామూలు అభ్యాసాలు, మూడోదానికి ఏమీ లేకుండా నిరీక్షణ. పన్నెండు వారాల తరువాత శిక్షణ పొందినవారు ఆ అభ్యాసాల్లో ఆరితేరారు. కార్యనిర్వహణ పరీక్షల్లోనూ మెరుగయ్యారు. కానీ మిగతా రెండు బృందాలు కూడా అంతే మెరుగయ్యాయి. ఒకే పరీక్షను మళ్లీ రాస్తే మార్కులు పెరగడం సహజం. పోలిక బృందం లేకుండా చూపే ఏ మెరుగుదల లెక్కనూ నమ్మకూడదనడానికి ఈ ఒక్క ప్రయోగం చాలు.

దీనికి ఎదురుగా నిలిచే ఫలితం 2021లో ‘బ్రెయిన్’ పత్రికలో వచ్చింది. తలకు తేలికపాటి దెబ్బలు తగిలి ఇబ్బందులు పడుతున్న 83 మంది అమెరికన్ సైనికులు, మాజీ సైనికుల మీద చేసిన పరీక్ష అది. బ్రెయిన్‌హెచ్‌క్యూ అభ్యాసాలు చేసినవారు, మామూలు కంప్యూటర్ ఆటలు ఆడినవారి కంటే మొత్తం బుద్ధి పరీక్షల్లో ఎక్కువ మెరుగయ్యారు. శిక్షణ ఆపిన 12 వారాల తరువాత కూడా ఆ తేడా నిలిచింది. పోలిక బృందానికి కూడా పని ఇచ్చారు కనుక దీన్ని తేలిగ్గా తీసేయలేం. పరీక్షకు నాయకత్వం వహించిన హెన్రీ మాంకీ ఆ ప్రోగ్రామ్ అమ్మే కంపెనీకే అధిపతి అన్నది కూడా పాఠకుడికి తెలియాలి.

అన్ని ప్రయోగాలనూ ఒకచోట చేర్చి తూచిన సమీక్షలు జాగ్రత్తగానే మాట్లాడాయి. 2013 నాటి కాక్రేన్ సమీక్ష 907 మంది పాల్గొన్న 19 అధ్యయనాలను పరిశీలించి, కార్యనిర్వహణ లోపాలకు ఏ ఒక్క పునరావాస పద్ధతినీ గట్టిగా సిఫారసు చేయడానికి తగిన సాక్ష్యం లేదంది. 2016లో మోనికా మెల్బీ-లెర్వాగ్, థామస్ రెడిక్, చార్లెస్ హ్యూమ్ వర్కింగ్ మెమరీ శిక్షణ మీద వచ్చిన అధ్యయనాలను కలిపి లెక్కించారు. అభ్యాసానికి దగ్గరగా ఉన్న పరీక్షల్లో లాభం కనిపించింది. చదువు, లెక్కలు, తర్కం వంటి దూరపు శక్తులకు అది చేరలేదు. అంతకుముందు 2010లో ‘నేచర్’ పత్రికలో ఏడ్రియన్ ఓవెన్ ప్రచురించిన అధ్యయనంలో 11,430 మంది ఆరోగ్యవంతులు ఆరు వారాలు సాధన చేశారు. ఆడిన ఆటల్లో ఆరితేరారు, మిగతా పరీక్షల్లో తేడా రాలేదు.

నేర్చినది దాటకపోవడం

ఈ రంగంలోని అసలు చిక్కు ఇదే. తెర మీద సంపాదించిన నేర్పు గడప దాటి వంటింట్లోకి, ఆఫీసులోకి రావాలి. 1991లో లండన్‌లో టిమ్ షాలిస్, పాల్ బర్జెస్ వర్ణించిన ముగ్గురు రోగులు ఈ చిక్కును ముందే కళ్లకు కట్టారు. ముగ్గురికీ ఫ్రాంటల్ లోబ్‌లకు గాయాలయ్యాయి. ముగ్గురి తెలివితేటలూ పరీక్షల్లో బాగున్నాయి. కానీ బజారుకు పంపి ఫలానా వస్తువులు కొనండి, ఫలానా వివరాలు కనుక్కోండి, ఈ నియమాలు దాటకండి అని చెబితే తికమకపడ్డారు. ఆసుపత్రి గదిలో ఏం చేయాలో పరీక్షకుడు చెబుతాడు, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎప్పుడు ఆపాలో కూడా అతనే చెబుతాడు. అంటే రోగి పోగొట్టుకున్న శక్తిని పరీక్షకుడు అరువిస్తాడు. కంప్యూటర్ అంతకంటే ఎక్కువ అరువిస్తుంది. గంట మోగిస్తుంది, తరువాతి అభ్యాసాన్ని ముందుకు తెస్తుంది, తప్పును చూపిస్తుంది. తనంతట తాను మొదలుపెట్టలేని మనిషికి, అన్నీ మొదలుపెట్టి పెట్టే యంత్రంతో శిక్షణ ఇస్తున్నామన్న సంగతిని ఈ రంగంలోని చాలామంది తగినంతగా పట్టించుకోలేదు.

అందుకే అంతర్జాతీయ మార్గదర్శకాలు వేరే దారికి మొగ్గాయి. 2014లో వెలువడి 2023లో సవరించిన ఇన్‌కాగ్ మార్గదర్శకాలు, కీత్ సిసరోన్ బృందం 2000 నుంచి వరుసగా ప్రచురించిన సమీక్షలు, కార్యనిర్వహణ లోపాలకు ఉపాయాల శిక్షణను ముందు పెడతాయి. దాన్లో పేరున్నది గోల్ మేనేజ్‌మెంట్ శిక్షణ. ఇయాన్ రాబర్ట్‌సన్, టొరంటోకు చెందిన బ్రయన్ లెవీన్ తదితరులు దీన్ని 2000లో పరీక్షించి ప్రచురించారు. చేస్తున్న పనిలో కొట్టుకుపోకుండా ఒక్క క్షణం ఆగడం, ఇప్పుడు నేను చేయాలనుకున్నది ఏమిటని ప్రశ్నించుకోవడం, పనిని చిన్న మెట్లుగా విడగొట్టడం, చివర సరిచూసుకోవడం దాన్లో నేర్పుతారు. తెర మీది అభ్యాసాన్ని పూర్తిగా వదిలేయమని ఈ మార్గదర్శకాలు చెప్పవు. థెరపిస్టు పక్కన ఉండి, అభ్యాసంలో ఎక్కడ తప్పారో, ఇంట్లో అదే తప్పు ఎలా జరుగుతుందో రోగి చేతనే చెప్పిస్తే కంప్యూటర్ పనికొస్తుంది. మనిషి తోడులేకుండా తెరను ఒంటరిగా అప్పగించడమే వద్దంటాయి.

యంత్రాన్ని శిక్షకుడిగా కాక ఆసరాగా వాడినప్పుడు వచ్చిన ఫలితాలు మరింత గట్టివి. కాలిఫోర్నియాలో మెదడు గాయమైన కొడుకు కోసం ఒక ఇంజనీరు తండ్రి, న్యూరోసైకాలజిస్టుతో కలిసి న్యూరోపేజ్ అనే ఏర్పాటును తయారుచేశాడు. నడుముకు పెట్టుకున్న పేజర్ వేళకు మోగి, మాత్ర వేసుకో, బడికి ఫోన్ చెయ్యి అని గుర్తుచేసేది. ఇంగ్లండ్‌లో బార్బరా విల్సన్ బృందం దీన్ని 143 మంది మీద పరీక్షించి 2001లో ఫలితాలు ప్రకటించింది. పరీక్ష పూర్తిచేసినవారిలో 80 శాతానికి పైగా తమ పనులను మునుపటి కంటే బాగా వేళకు చేయగలిగారు. ఈ పని ఇప్పుడు ప్రతి మొబైల్ ఫోన్ చేయగలదు, ఖర్చు లేకుండా. ఇజ్రాయెల్‌లో హైఫా విశ్వవిద్యాలయం పరిశోధకులు కృత్రిమ సూపర్‌మార్కెట్‌ను తెర మీద కట్టి పక్షవాత రోగుల చేత సామాన్లు కొనిపించారు. ఇలాంటి వర్చువల్ రియాలిటీ ప్రయోగాలు తెరకూ బజారుకూ మధ్య దూరాన్ని తగ్గించేందుకు పుట్టినవే.

ఎవరికి, ఎప్పుడు

దెబ్బ తగిలిన తొలి నెలల్లో మెదడు దానంతట అదే కొంత కోలుకుంటుంది. శిక్షణ ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ మార్పు వస్తుంది. ఈ దశలో అలసట తీవ్రంగా ఉంటుంది కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టడం తగదు. తన లోపం తనకు తెలియకపోవడం ఫ్రాంటల్ గాయాల్లో మామూలు. అటువంటి రోగి అభ్యాసాలు ఎందుకో అర్థంకాక మానేస్తాడు. ముందుగా లోపాన్ని మెల్లగా ఎరుకపరచాలి. దిగులు, నిద్రలేమి, మూర్ఛలకు వాడే కొన్ని మందుల మత్తు కూడా ఇవే లక్షణాలను చూపించగలవు. వాటిని చక్కదిద్దకుండా తెర ముందు కూర్చోబెడితే శ్రమ వృథా.

వ్యాపార ప్రకటనల విషయంలో జాగ్రత్త అవసరం. లుమోసిటీ ప్రోగ్రామ్ అమ్మిన లూమోస్ ల్యాబ్స్, తమ ఆటలు మతిమరుపును ఆపుతాయని, పక్షవాతం, తల గాయాల వల్ల వచ్చిన లోపాలను కూడా తగ్గిస్తాయని తగిన ఆధారం లేకుండా చెప్పిందన్న ఆరోపణపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2016 జనవరిలో రాజీకి వచ్చి 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

మన దేశంలో

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో భారతదేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. ద్విచక్రవాహనాల మీద వెళ్లేవారే వీరిలో ఎక్కువ. తలకు దెబ్బ తగిలి బతికినవారికి బుద్ధి పునరావాసం అందించే చోట్లు మాత్రం కొద్ది. బెంగళూరులోని నిమ్‌హాన్స్ ఈ పనికి దేశంలో ఆద్యం. అక్కడ శోభిని రావు ఆధ్వర్యంలో భారతీయులకు తగిన పరీక్షల సంపుటి తయారై 2004లో అచ్చయింది. కాగితం, పెన్సిలు, గింజలు ఏరడం వంటి మామూలు సామగ్రితో చేయించే బుద్ధి శిక్షణ అక్కడే రూపుదిద్దుకుంది. కంప్యూటర్ లేని ఇంటికి అదే దిక్కు.

తెలుగువారికి సంబంధించిన ముఖ్యమైన పరిశోధన హైదరాబాదు నిమ్స్‌లో జరిగింది. సువర్ణ అల్లాడి బృందం 608 మంది పక్షవాత రోగులను పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించింది. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో 40.5 శాతం మందికి పక్షవాతం తరువాత కూడా బుద్ధిశక్తులు మామూలుగా ఉన్నాయి. ఒకే భాష మాట్లాడేవారిలో అది 19.6 శాతమే. ఇంట్లో తెలుగు, వీధిలో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లిష్ అంటూ రోజంతా ఒక భాషను ఆపి మరో భాషకు మళ్లడం కార్యనిర్వహణ శక్తులకు జీవితకాలపు సాధన అయిందని ఆ పరిశోధకుల వివరణ. ఏ ప్రోగ్రామూ ఐదు వారాల్లో ఇవ్వలేని అభ్యాసం అది. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన బుద్ధి పరీక్షల సంపుటి తెలుగుతో కలిపి ఐదు భారతీయ భాషల్లో సిద్ధమైంది. పరీక్ష రోగి మాతృభాషలో జరగకపోతే లోపం భాషదో మెదడుదో తేల్చలేం. అందువల్ల ఆ పని విలువ పెద్దది. శిక్షణ ప్రోగ్రాములు కూడా అలాగే తెలుగులో, మన బజార్లు, మన బస్సులు, మన వంటిళ్ల పనులతో రావాలి. వచ్చినవాటిని పోలిక బృందం పెట్టి పరీక్షించాలి.

మెదడు ఆపరేషన్ చేసి రోగిని ఇంటికి పంపే ఆసుపత్రులు డిశ్చార్జి కాగితంలో మందుల కింద ఒక గీత అదనంగా రాయాలి: మూడు నెలల్లో న్యూరోసైకాలజీ పరీక్ష చేయించండి అని. కంప్యూటర్ శిక్షణ కొనమని ఎవరైనా చెబితే కుటుంబం ఒక్క ప్రశ్న అడగాలి. ఇది పూర్తయ్యాక మా మనిషి ఇంట్లో ఏ పని తనంతట తాను చేయగలడు, దాన్ని మీరు ఎలా కొలుస్తారు? జవాబు మార్కుల్లో వస్తే డబ్బు కట్టవద్దు. దెబ్బ తగ్గి నెలలు గడిచినా పనులు మధ్యలో వదిలేస్తున్న మనిషిని బద్ధకస్తుడని, మొండివాడని తిట్టకండి, నిపుణుడికి చూపించండి.